చెఱువులోని నీరెక్కడికి పోవును?

అనంతపురము జిల్లాలో గార్లదిన్నె యను గ్రామము కలదు. ఆ మండలమునందే పెన్నానదిపై పెనకచెర్ల జలాశయము నిర్మింపబడినది. ఈ జిల్లాలో సంవత్సరమునకు కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కావున ఇచటి రైతునకు ప్రతి నీటిబొట్టును అమూల్యమైనదే. అయినను వేసవిలో ఎవరును తోడకున్నను, పొలములకు వదలకున్నను, చెఱువులలోని నీరు దినదినము తగ్గిపోవుచుండును. కొంత నేలలోనికి ఇంకును. తక్కినది ఎక్కడికి పోవుచున్నది?

ఇది తెలియవలెనన్న, నీరు ఎట్లు నిర్మితమైనదో ముందు తెలిసికొనవలెను. నీరు మిక్కిలి సూక్ష్మములైన కణముల సముదాయము. ఆ కణములను అణువులందురు. 18 గ్రాముల నీటిలో, 6 అంకె ప్రక్కన 23 సున్నలు చేర్చిన ఎంత సంఖ్య యగునో, సుమారు అన్ని అణువులు కలవు. అవి పరస్పరము ఆకర్షించుకొనుచు, ఎల్లప్పుడును చలించుచుండును. 1827లో రాబర్ట్ బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, పుప్పొడినుండి వెలువడిన సూక్ష్మరేణువులు నీటిలో ఎడతెగక కదలుచుండుట సూక్ష్మదర్శినితో చూచెను. కంటికి కానరాని నీటి అణువులు తాకుటచేతనే అవి కదలుచున్నవని 1905లో ఐన్‌స్టీన్ గణితరీత్యా వివరించెను.

మంచుగడ్డలో అణువులు తమ తమ స్థానములను వీడక అచటనే కంపించుచుండును. అందుచేత దానికి స్థిరమైన ఆకారము కలదు. నీటిలో అవి ఒకదానిప్రక్కనొకటి జరుగుచుండును. అందుచేత నీరు పాత్ర ఆకారమును పొందును. ఆవిరిలోనో, అవి ఆకర్షణను త్రెంచుకొని స్వేచ్ఛగా నలుదిక్కులకు పరుగెత్తును. మూడింటను అణువు ఒక్కటియే. దాని చలనము, అమరిక మాత్రమే మారినవి.

నీరు ఆవిరియగుటకు మరుగనక్కరలేదు. అణువులన్నియు ఒకే వేగముతో చలింపవు. ఉపరితలముననున్న వానిలో మిక్కిలి వేగము గలవి నీటిని విడిచి గాలిలో కలియును. వేగవంతములు పోగా మిగిలినవాని సగటు వేగము తగ్గును. అనగా నీరు చల్లబడును. మట్టికుండలోని నీరు చల్లగా నుండుటకు కారణమిదియే. కుండ గోడల సన్నని రంధ్రములనుండి ఊరిన నీరు ఆవిరియగుచు, లోపలి నీటి వేడిమిని గొనిపోవును.

మచిలీపట్నము వంటి సముద్రతీర పట్టణములలో గాలియందు తేమ మెండు. అచట వెలుపలికి పోయిన అణువులకు బదులుగా గాలినుండి నీటిలోనికి వచ్చు అణువులును అనేకములు. కాన కుండనీరు అంతగా చల్లబడదు. గార్లదిన్నె వేసవిగాలి పొడిగాలి. పోయిన అణువులను ఆ గాలి దూరముగా కొట్టుకొనిపోవును. కుండనీటిని చల్లబఱచు ఆ ధర్మమే చెఱువు నీటిని హరించుచున్నది!

ఒక హెక్టారు విస్తీర్ణము గల నీటిమట్టము 1 మిల్లీమీటరు తగ్గినచో 10,000 లీటర్ల నీరు పోయినట్లే. ఈ నష్టమును పూర్తిగా నివారింపలేము గాని, తగ్గింపవచ్చును. అణువులు తప్పించుకొను ద్వారము ఉపరితలమే కావున, విశాలమై లోతులేని కుంటకంటె, అంతే నీరు పట్టు ఇఱుకైన లోతైన కుంట మేలు. గట్టుపై గాలివాటమున చెట్లు పెంచినచో గాలి వేగము తగ్గును. ఇంకుడుగుంతల ద్వారా భూమిలోతునకు చేరిన నీటిని ఎండయు గాలియు సులభముగా హరింపజాలవు.

కంటికి కానరాని అణువు స్వభావము నెఱిగినవాడే కంటికి కనిపించు నీటిని కాపాడుకొనగలడు.