సిరోంచను బ్లాకుల్లో కడితే

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఈ గట్టున సిరోంచ, ఆ గట్టున కాళేశ్వరం. ఇటు మహారాష్ట్ర, అటు తెలంగాణ. మాట మాత్రం రెండు పక్కలా తెలుగే. ఈ సంగమాన్ని, ఇసుక తిన్నెలను, వెనకున్న టేకు అడవిని మైన్‌క్రాఫ్ట్‌లో కట్టేద్దామని ఒక కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడనుకుందాం. వాడి ముందున్న పని ఎంత?

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో దీన్ని జనంలోకి వదిలాడు. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. ఆ లోకంలో మన్ను, రాయి, చెట్టు, ఇసుక అన్నీ గళ్ల పెట్టెలే. ఒక్కో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు. తవ్వు, మోసుకెళ్లు, పేర్చు: చాలామందికి ఆటంతా ఇదే.

మీటరు పెట్టె అంటే పలుగూ పారా పట్టినవాళ్లకు వేరే చెప్పాలా? అడిగిన చేతికి పని చూపించాలని దేశంలో అందరికన్నా ముందు, 1977లోనే, చట్టం చేసిన రాష్ట్రం మహారాష్ట్ర. ఆ పనుల్లో కూలి లెక్కంతా తవ్విన మట్టి కొలత మీదే నడుస్తుంది. లోతు తెలియడానికి గుంత మధ్యలో తవ్వకుండా ఒక మట్టి దిమ్మె వదిలేస్తారు. టేపు పెట్టి దాన్ని కొలిచాకే డబ్బు. ఒక క్యూబిక్ మీటరు మన్ను సుమారు టన్నున్నర ఉంటుంది. ఆటలోని మనిషి మాత్రం దాన్ని ఒట్టి చేత్తో ముప్పావు సెకనులో పెకలించేస్తాడు. పైగా ఒక్కడే 2,304 బ్లాకులు ఒంటిమీద పెట్టుకుని తిరుగుతాడు. పది క్యూబిక్ మీటర్లు పట్టే టిప్పరుకైతే అది 230 ట్రిప్పుల సరుకు!

అయినా పని తరగదు. వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు, పది మీటర్ల ఎత్తున్న చిన్న గుట్టను చదును చేయాలంటే లక్ష బ్లాకులు. ఒట్టి చేత్తో తవ్వితే దాదాపు 21 గంటలు, మోతకు 44 ట్రిప్పులు. ఇంతా చేస్తే అది అడవిలో ఎవరూ పేరు కూడా పెట్టని గుట్ట.

అందుకే నేలను పెద్ద ఎత్తున మలిచేవాళ్లు పార పక్కన పెట్టి ఆదేశాలు వాడతారు. ‘ఫిల్’ అని టైపు చేసి రెండు మూలల అంకెలు ఇస్తే మధ్యలో కోరిన బ్లాకులు నిండిపోతాయి. మామూలుగా ఒక్కసారికి 32,768 బ్లాకులే హద్దు. ఇంకా పెద్ద పనికి వరల్డ్‌ఎడిట్ అనే తోడు ప్రోగ్రాం ఉంది. అందులో పనిముట్టు చెక్క గొడ్డలి. దానితో ఒక మూల మౌస్ ఎడమ మీట నొక్కి, ఎదురు మూల కుడి మీట నొక్కితే ఆ మధ్య నేలంతా చెప్పుచేతల్లోకి వస్తుంది. వరల్డ్‌పెయింటర్ అయితే ఎత్తుపల్లాల పటాన్ని మింగి కొండలూ లోయలూ తానే పోసేస్తుంది.

మన కుర్రాడికి అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. యంత్రం పోసిన గట్టు కత్తితో కోసిన కేకు ముక్కలా ఉంటుంది. గట్టు గట్టులా కనబడాలంటే వాలు మెట్లు ఎగుడుదిగుడుగా ఉండాలి: నీటి అంచున ఏడు బ్లాకుల వెడల్పు, దాని పైన నాలుగు, పైన రెండు, మళ్లీ ఒక చోట ఐదు. ఇసుక మధ్య కంకర, కంకర పక్కన బంకమన్ను. ఇక అడవి. ఆటలో ఓక్ ఉంది, బర్చ్ ఉంది, మడచెట్టు ఉంది, 2023లో చెర్రీ కూడా వచ్చింది. టేకు లేదు! గడ్చిరోలి అడవి కావాలంటే ఒక్కో మాను, ఒక్కో కొమ్మ చేత్తో పేర్చుకోవాల్సిందే.

నీళ్ల సంగతి మరీ విడ్డూరం. బకెట్టు నీళ్లు చదును నేల మీద పోస్తే ఏడు బ్లాకులు పారి ఆగిపోతాయి. కానీ రెండు బ్లాకుల పొడవు, రెండు బ్లాకుల వెడల్పున్న గుంతలో ఎదురెదురు మూలల్లో రెండు బకెట్లు పోస్తే, తోడేకొద్దీ ఊరుతూనే ఉంటాయి. గోదావరికి వరద తేవడం మాత్రం ఎవరి తరమూ కాదు. నది పొడవునా, వెడల్పునా నీటి బ్లాకులు నింపుకుంటూ పోవాలి.

సంగమానికి దిగువన మేడిగడ్డ బ్యారేజీ ఉంది. ఒక గట్టు తెలంగాణది, ఇంకో గట్టు సిరోంచ తాలూకాది. సుమారు 1.6 కిలోమీటర్లు, 85 గేట్లు. ఆటలో 1,600 బ్లాకుల గోడ. నడిచి దాటడానికి ఆరు నిమిషాలు. ఇంజినీర్లు కూడా దాన్ని బ్లాకులుగానే విడదీసి కట్టారు. 2019 జూన్‌లో ప్రారంభమైన ఆ బ్యారేజీలో 2023 అక్టోబరులో ఏడో బ్లాకు పియర్లు కుంగాయి. పరిశీలించిన నిపుణులు వేలు పెట్టి చూపిన లోపాల్లో పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం ఒకటి. ఆటలో ఈ బెంగ లేదు. గోడ కింద మొత్తం తోడేసినా గోడ గాల్లో అలాగే నిలబడుతుంది. ఇసుక, కంకర లాంటి కొన్నే ఆధారం పోతే కింద పడతాయి, అవీ నిలువునా. పక్కకు జారడం, నీటితో పోవడం వాటికి తెలియదు. గోదావరి ఇసుకను ఎరిగినవాళ్లకు నవ్వొచ్చేది ఇక్కడే.

ఇలాంటి పని దేశాల స్థాయిలోనూ జరిగింది. 2014లో డెన్మార్క్ భూపటాల సంస్థ దేశం మొత్తాన్ని మీటరుకు మీటరు చొప్పున ఆటలో పోసింది. అక్కడి ఎత్తైన గుట్ట 171 మీటర్లే కాబట్టి అప్పటి 256 బ్లాకుల పైకప్పు కింద దేశం ఇమిడింది. (ఇప్పటి పైకప్పు 320. మేడిగడ్డ నిండు నీటిమట్టం 100 మీటర్లు గనక సంగమానికి ఇబ్బంది లేదు. 500 మీటర్ల పైనున్న హైదరాబాద్‌ను అసలు ఎత్తులో పెట్టాలంటే కుదరదు.) ఆ బ్లాకుల డెన్మార్క్‌లో డైనమైట్‌ను నిషేధించారు గానీ, డైనమైట్ మోసే గనుల బండిని మరిచారు. కొద్ది వారాల్లోనే కొంటెవాళ్లు కొన్ని చోట్ల పేల్చేసి అమెరికా జెండాలు పాతారు. నేపాల్‌లోని కీర్తిపూర్‌లో మాత్రం ఐక్యరాజ్యసమితి నగరాల విభాగం ఇదే ఆటను మంచి పనికి వాడింది. దేయ్ పుఖు అనే పాత చెరువును ఎలా బాగుచేయాలో అక్కడివాళ్ల చేతే బ్లాకుల్లో కట్టించి చూసింది.

సిరోంచను కట్టేవాడు నేల పైభాగంతో ఆగితే పని సగమే అయినట్టు. ఆటలో భూమి కింద అక్కడక్కడా ఎముకల బ్లాకులు దొరుకుతాయి. 2023 నుంచి కుంచెతో ఇసుక తుడిచి పాత వస్తువులు బయటికి తీసే పనీ చేరింది. సిరోంచ తాలూకా పోచంపల్లిలో 1960 ప్రాంతంలో కోల్‌కతా భారత గణాంక సంస్థ శాస్త్రవేత్తలు నిజంగానే తవ్వి రాక్షసబల్లి ఎముకలు తీశారు. ఠాగూర్ శతజయంతి గుర్తుగా దానికి బారాపాసారస్ ఠాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. తొడ ఎముకే ఐదున్నర అడుగులు. ఇప్పుడు ఆ అస్థిపంజరం కోల్‌కతాలో నిలబడి ఉంది. పొడవు సుమారు 14 మీటర్లు. మన కుర్రాడు పోచంపల్లి పొలాల కింద పద్నాలుగు ఎముక బ్లాకులు వరసగా పాతి పైన గడ్డి కప్పేస్తే చాలు, మిగతాది తవ్వుకునేవాడి అదృష్టం.