ప్లేగు తర్వాత సూరత్ మునిసిపాలిటీ ఏం చేసింది?

1994 సెప్టెంబరులో గుజరాత్‌లోని సూరత్‌లో ప్లేగు వచ్చింది. యాభై మందికి పైగా చనిపోయారు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది ఊరు విడిచారు. మన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో మరమగ్గాల మీద బతికే నగరం అది. 1996లో ఇంటాక్ (వారసత్వ పరిరక్షణకు పనిచేసే జాతీయ సంస్థ) అదే నగరాన్ని చండీగఢ్ తర్వాత దేశంలో అత్యంత శుభ్రమైనదిగా పేర్కొంది. మధ్యలో గడిచింది రెండేళ్లే.

ఇందుకు కొత్త చట్టమేమీ రాలేదు. 1949 నాటి నగరపాలక చట్టమే ఉంది. మారింది పని జరిగే తీరు.

1995 మేలో ఎస్.ఆర్. రావు కమిషనర్‌గా వచ్చారు. అంతకు ముందు చిన్న మరమ్మతుకు కూడా ఫైలు ప్రధాన కార్యాలయానికి వెళ్లాల్సి వచ్చేది. కాలువ ఇంజినీరింగు విభాగానిది, చెత్త ఆరోగ్య విభాగానిది. రెండూ కలిసే చోట బాధ్యత ఎవరిదీ కాదు. రావు నగరాన్ని ఆరు జోన్లుగా విభజించారు. ఒక్కో జోన్‌కు ఒక అధికారిని పెట్టి, తన పరిపాలన, ఆర్థిక అధికారాల్లో చాలా భాగం వారికి అప్పగించారు. దీన్నే వికేంద్రీకరణ (అధికారాన్ని కిందికి పంచడం) అంటారు. ఇక కాలువ పొంగినా, చెత్త పేరుకున్నా జవాబు చెప్పాల్సింది ఒక్కరే. సరిచేసే అధికారమూ వారి చేతిలోనే ఉంది.

అధికారం ఇస్తే చాలదు, పని చూడాలి. అందుకే పొద్దున పూట అధికారులంతా వీధుల్లో ఉండాలన్నది నియమం. మధ్యాహ్నం సమావేశం. పొద్దున కళ్లారా చూసిన సమస్య మధ్యాహ్నానికల్లా చర్చకు వస్తుంది. మరుసటి రోజు అదే మనిషి అదే వీధికి వెళ్తాడు కాబట్టి దాన్ని దాటవేయడం కష్టం.

మిగతా మార్పులు దీని మీదే నిలిచాయి. ప్రధాన రోడ్లను రాత్రిపూట ఊడవడం మొదలైంది. వీధిలో చెత్త వేసిన దుకాణాలకు, హోటళ్లకు జరిమానాలు పడ్డాయి. మురికివాడల్లో గచ్చుబాటలు, మరుగుదొడ్లు వచ్చాయి. వ్యాధులపై నిఘా (ఎక్కడ ఏ రోగం పెరుగుతోందో రోజూ లెక్క చూడటం) ఏర్పడింది. ఒక పేటలో జ్వరాలు పెరిగితే, అవి పక్క పేటకు పాకకముందే సిబ్బంది అక్కడికి చేరుకోవచ్చు.

ఇలాంటి మార్పు అధికారి బదిలీతో ఆగిపోవడం మామూలే. సూరత్‌లో అలా జరగలేదు. రావు తర్వాత వచ్చిన ఎస్. జగదీశన్ అదే పద్ధతిని కొనసాగించారు. జోన్లు, రోజువారీ సమావేశాలు ఒక మనిషి పట్టుదలగా కాక కార్యాలయపు అలవాటుగా మారాయి. కుదురుకున్న నగరపాలన ఆ తర్వాత కొత్త పనులకూ పూనుకుంది. 2014 నుంచి శుద్ధిచేసిన మురుగునీటిని పాండేసరలోని వస్త్ర పరిశ్రమలకు అమ్ముతోంది. మంచినీటి మీద భారం తగ్గింది, ఖజానాకు ఆదాయమూ వచ్చింది.

ఒక లోటు మాత్రం ఉంది. ఇదంతా ఎక్కువగా అధికారులు నడిపిన మార్పు. నివాసుల మాటకు అందులో చోటు తక్కువ. 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. చాలాచోట్ల అవి కాగితం దాటలేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో వార్డు సచివాలయాలు తెచ్చి ఉద్యోగులను పేటల దాకా చేర్చింది. అయితే ఉద్యోగి రావడం వేరు, అధికారం రావడం వేరు.

మీ ఊళ్లో అధికారం కిందిదాకా వచ్చిందో లేదో పరీక్షించడం తేలికే. వీధి కాలువ మూత పగిలితే, కొత్తది వేయించడానికి ఎవరి సంతకం కావాలో కనుక్కోండి. ఆ సంతకం చేసే మనిషి ఆ వీధికి వస్తూ పోతూ ఉంటే మూత తొందరగానే పడుతుంది. ఆ మనిషి మూడు కార్యాలయాల అవతల ఉంటే ఫిర్యాదుకు ఎన్ని యాప్‌లు పెట్టినా ఫలితం అంతంతే.