భోజనానికి బదులు షేక్: ఎక్కే మెట్టు, దిగే మెట్లు

స్థూలకాయులు పథ్యం ఆరంభించిన మొదటి వారంలోనే దానిని విడిచిపెట్టడానికి ఒక ముఖ్యకారణం ఉన్నది. ఎంత తినాలో, ఏది మానాలో ప్రతి పూటా వారే తేల్చుకోవలసి వస్తుంది. ఇంటిల్లిపాదికీ పప్పు, వేపుడు, గడ్డపెరుగు వడ్డిస్తూ తన కంచంలో మాత్రం లెక్క చూసుకోవడం గృహిణికి ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. భోజనానికి బదులు తాగే షేక్‌లకు ఆదరణ లభించినది ఇందువల్లనే. పొడి కొలత, కేలరీల కొలత ముందే నిర్ణయమై ఉంటాయి కనుక తర్జనభర్జన ఉండదు.

ఆయుర్వేదాభిమానులు దీనిని కొత్త వింతగా తోసిపుచ్చనక్కరలేదు. అతిస్థూలునికి గురువుగా ఉండి అపతర్పణం చేసే ఆహారం యుక్తమని చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం నిర్దేశిస్తున్నది. అనగా కడుపులో నిలిచి ఆకలిని అణచాలి, మేదస్సును మాత్రం పెంచరాదు. స్థూలునిలో జఠరాగ్ని తీక్ష్ణమై ఉంటుందనీ, అందుచేతనే అతడు ఆకలికి ఓర్చలేడనీ అక్కడ చెప్పిన హేతువు. తగినంత మాంసకృత్తులు, పీచుపదార్థం ఉన్న షేక్ చేసే పని ఇంచుమించు ఇదే.

బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని స్థూలకాయులకు మూడు నుండి ఐదు నెలల పాటు రోజుకు సుమారు 850 కేలరీల షేక్‌లు, సూప్‌లు మాత్రమే ఇచ్చారు. ఏడాది తరువాత వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే మధుమేహం ఉపశమించింది. రెండేళ్లకు అది 36 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదలను కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. అంతేకాదు, ఆ రోగులకు మధుమేహం, రక్తపోటు మాత్రలను వైద్యులు మొదటి రోజునే ఆపించారు. మాత్రలు యథాప్రకారం మింగుతూ ఆహారాన్ని సగానికి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

సొంత ప్రయోగం ప్రాణాంతకం కావచ్చుననడానికి నిదర్శనమూ ఉన్నది. 1977 ప్రాంతంలో అమెరికాలో నాసిరకపు ద్రవ ప్రోటీన్‌ను మాత్రమే తాగుతూ బరువు తగ్గినవారిలో పదుల సంఖ్యలో మరణాలు సంభవించాయి. గుండె లయ తప్పడం వాటికి ముఖ్యకారణం. కనుక జిమ్‌లో అమ్మే ప్రోటీన్ పొడిని భోజనంగా భావించరాదు. అందులో విటమిన్లు, లవణాలు సమగ్రంగా ఉండకపోవచ్చు. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం ఒక పూట భోజనానికి బదులయ్యేది 200 నుండి 400 కేలరీలు ఇవ్వాలి. అందులో కనీసం నాలుగో వంతు మాంసకృత్తుల నుండి రావాలి. డబ్బాపై బొమ్మను కాక ఈ అంకెలను చూడండి. రుచి కోసం అరటిపండు, తేనె, ఖర్జూరం కలిపితే పథ్యం గ్లాసులోనే భంగమవుతుంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, మూత్రపిండ వ్యాధిగ్రస్తులు ఈ జోలికి పోరాదు. తక్కినవారు ఒక పూటతో మొదలుపెట్టడం మేలు. ఉదయపు టిఫినుకు బదులుగా ఇంట్లోనే ఇలా చేసుకోవచ్చు: 200 మిల్లీలీటర్ల టోన్డ్ పాలను తోడుపెట్టిన పెరుగును కొద్ది నీటితో చిలికి, 30 గ్రాముల పుట్నాల పిండి, జీలకర్ర పొడి, కాస్త అల్లం రసం, చిటికెడు సైంధవ లవణం కలపాలి. సుమారు 230 కేలరీలు, 12 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు లభిస్తాయి. రాత్రి పెరుగు నిషిద్ధం కనుక దీనిని ఉదయానికే పరిమితం చేయండి. మూడు పూటలా దీనితోనే గడపరాదు; ఇనుము, బి12 వంటివి చాలవు.

అసలు చిక్కు షేక్ మానినప్పుడు వస్తుంది. మూడు నెలలు తాగి, నాలుగో నెల మొదటి రోజునే పులిహోర, గారెలతో విందు చేసుకుంటే పోయిన బరువు తిరిగి రావడానికి ఎంతోకాలం పట్టదు. పంచకర్మలో శోధన జరిగిన రోగికి నేరుగా అన్నం పెట్టరు. పేయ, విలేపి, యూషం అంటూ పలుచని జావ నుండి క్రమంగా చిక్కని ఆహారానికి తీసుకువస్తారు. దీనినే సంసర్జన క్రమం అంటారు. పైన చెప్పిన బ్రిటన్ పరిశోధనలోనూ భోజనాన్ని రెండు నుండి ఎనిమిది వారాలలో మెట్లు మెట్లుగా తిరిగి అలవాటు చేశారు. మన ఇళ్లలో ఈ మెట్లు కట్టుకోవడం సులభం. మొదటి వారం ఒక పూట షేక్ తీసివేసి పెసరకట్టు, ఉడికించిన సొరకాయో బీరకాయో తీసుకోండి. మరుసటి వారం దానికి ఒక కప్పు జొన్న సంకటి లేదా ఒక పుల్కా చేర్చండి. ఆ తరువాతనే రెండో షేక్‌ను మానాలి. ఉలవకట్టు కూడా స్థూలునికి హితమే కాని, వెన్న వేసిన హోటలు ఉలవచారు కాదు సుమా!

తొలి రోజులలో తలనొప్పి, మలబద్ధకం కలగవచ్చు; నీరు తగినంత తాగితే చాలావరకు సర్దుకుంటాయి. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, గుండె దడ కనిపిస్తే మాత్రం వెంటనే వైద్యుని సంప్రదించాలి. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా ఉపేక్షించరాదు. బరువు వేగంగా తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఉన్నది.