ఇంగువ డబ్బీపై ఏమి వ్రాసి ఉన్నది?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు వంటిళ్ళలో ఇంగువ లేని పోపులపెట్టె అరుదు. జొన్నరొట్టె, కందిపప్పు, అలసందలు, శనగలు నిత్యాహారమైన చోట కడుపుబ్బరాన్ని అణచే ద్రవ్యానికి ప్రాధాన్యం సహజమే. చేరువనే మంత్రాలయ క్షేత్రం ఉన్నది. ఉల్లి, వెల్లుల్లి వర్జించే మాధ్వ కుటుంబాలలో రుచికీ, జీర్ణానికీ కూడా ఇంగువయే ఆధారం.

పప్పులు, వేరుశనగలు, జొన్నలు మన చుట్టుపట్ల పండేవే. ఇంగువ మాత్రం అట్లు కాదు. తరతరాలుగా మన పెరటి వైద్యంలో కలిసిపోయిన ఈ ద్రవ్యం పరదేశం నుండి వచ్చినదన్న సంగతి చాలామందికి స్ఫురించదు. కనుకనే దిగుమతి ఆహారానికి సంబంధించిన ప్రభుత్వ నిబంధనలు మన పోపులపెట్టెకు కూడా వర్తించునని గుర్తించము.

విదేశీ ద్రవ్యం – స్వదేశీ వైద్యం

సంస్కృతంలో ఇంగువకు హింగు, రామఠం, సహస్రవేధి, బాహ్లీకం అని పర్యాయపదాలున్నవి. బాహ్లీకమనగా నేటి ఉత్తర ఆఫ్ఘనిస్థాన్‌లోని బల్ఖ్ ప్రాంతం. అనగా ఇది ఎక్కడి నుండి వచ్చినదో మన పూర్వులు పేరులోనే చెప్పియున్నారు. జీలకర్ర, వాము, కొత్తిమీరల కుటుంబానికే చెందిన ఒక మొక్క వేరును కోయగా స్రవించే పాలు గట్టిపడి ఇంగువ అగును.

ఆఫ్ఘనిస్థాన్, ఇరాన్, ఉజ్బెకిస్థాన్‌ల నుండి మన దేశం ఏటా సుమారు 1,200 టన్నుల ముడి ఇంగువను తెప్పించుకొనుచున్నదని 2020లో ప్రభుత్వం తెలిపినది. అదే సంవత్సరం అక్టోబరులో హిమాచల ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మన శాస్త్రజ్ఞులు తొలిసారిగా ఇంగువ మొక్కను నాటించారు.

రేవు దాటుటకు ముందు

ఒకప్పుడు ఆహార కల్తీ నిరోధక చట్టం (1954) అమలులో ఉండెడిది. దాని స్థానంలో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం (2006) వచ్చి 2011 నుండి అమలగుచున్నది. సురక్షితం కాని, తప్పుడు లేబుల్ గల ఆహారాన్ని ఎవరూ దిగుమతి చేయరాదని ఈ చట్టంలోని 25వ సెక్షను నిషేధించుచున్నది. 2017 నాటి దిగుమతి నిబంధనలు ఆ పరీక్షా విధానాన్ని వివరించినవి. మొదట పత్రాల పరిశీలన, పిదప సరకును, లేబులును కంటితో చూచుట, ఆపై నమూనా తీసి ప్రయోగశాలకు పంపుట జరుగును. ప్రమాణాలకు సరిపడినచో నిరభ్యంతర పత్రం ఇత్తురు. లేనిచో సరకు తిరస్కృతమగును.

ఖర్జూరాలు, ఆలివ్ నూనె, బిస్కట్ల వలె విదేశంలోనే ప్యాక్ అయి వచ్చే వాటికి మరికొన్ని షరతులున్నవి. దిగుమతి నాటికి నిల్వకాలంలో 60 శాతమో, లేక గడువుకు 3 నెలలో, ఏది తక్కువైతే అంత మిగిలియుండవలెను. దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. చిహ్నం, లైసెన్సు సంఖ్య, శాకాహార గుర్తు వంటివి లేకున్న ఊడిరాని స్టిక్కరు అంటించి సరిదిద్దుకొనవచ్చును. తయారీ తేదీ, గడువు, లాట్ నంబరు, పదార్థాల జాబితా మాత్రం స్టిక్కరుతో దిద్దుటకు వీలు లేదు. కాబట్టి చిరునామా స్టిక్కరుపై ఉన్నంత మాత్రాన అనుమానింప పనిలేదు. తేదీపై స్టిక్కరు ఉన్నచో ఆ వస్తువును కొనరాదు.

ముడి ఇంగువ, మిశ్రమ ఇంగువ

ఇంగువ విషయంలో ఒక మెలిక ఉన్నది. రేవులో పరీక్షింపబడునది ముడి ఇంగువ మాత్రమే. దాని ఘాటు నేరుగా వంటలో వాడలేనంత తీవ్రం. అందుచేత ఉత్తర ప్రదేశ్‌లోని హాత్రస్ వంటి కేంద్రాలలో దానికి తుమ్మజాతి జిగురు, పిండి కలిపి ‘మిశ్రమ ఇంగువ’గా చేయుదురు. హాత్రస్ ఇంగువకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. ఇట్లు కలుపుట కల్తీ కాదు, చట్టం అనుమతించినదే. అయితే ఆ సంగతి లేబులుపై స్పష్టంగా ఉండవలెను.

రెంటికీ తేడా ఎంతయో ప్రమాణాలే చెప్పుచున్నవి. ఆల్కహాలులో కరిగే సారం ముడి ఇంగువలో ఎక్కువగా ఉండవలెను; మిశ్రమంలో 5 శాతమున్న చాలును. ముడి ఇంగువలో పిండిపదార్థం 1 శాతం మించరాదు. మిశ్రమంలో పిండి సహజంగానే ఉండును.

ఒక దేశపు సరుకు మరొక దేశంలో స్వభావం మారునట్లు తయారైనచో ఆ రెండవ దేశమే జన్మస్థానమని లేబుల్ నిబంధనలు చెప్పుచున్నవి. మన డబ్బీలపై ఆఫ్ఘనిస్థాన్ పేరు కనబడకపోవుటకు ఇదియే కారణం. రేవులోని అధికారి చూడని పిండిని గూర్చి మనకు తెలుపు సాక్షి ఆ చిన్న లేబులు ఒక్కటే.

గోధుమ పడనివారికి హెచ్చరిక

ఇది కేవలం రుచికి సంబంధించిన విషయం కాదు. గోధుమలోని గ్లూటెన్ సరిపడక పేగు దెబ్బతిను సీలియాక్ వ్యాధి గలవారు గోధుమను పూర్తిగా మానవలసియున్నది. జొన్నరొట్టె తినుచు, మైదా ముట్టక, ఎంత పథ్యం చేసినను విరేచనాలు, నీరసం తగ్గని రోగి ఇంట పోపులోని ఇంగువను ఎవరూ అనుమానింపరు. చాలా మిశ్రమాలలో కలిపేది గోధుమపిండియే. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ గల ధాన్యం ఉన్నచో ఆ సంగతి విడిగా ప్రకటింపవలెను. అట్టి రోగులు బియ్యపుపిండితో చేసి, గ్లూటెన్ రహితమని ముద్రించిన ఇంగువనే ఎంచుకొనవలెను.

కొనునప్పుడు చూడవలసినవి

1. ‘కాంపౌండెడ్’ అని ఉన్నదా? ఉన్నచో అది మిశ్రమ ఇంగువ.

2. పదార్థాల జాబితా. ఎక్కువ బరువున్నది ముందు వచ్చును. పిండియో, జిగురో మొదట ఉన్నచో డబ్బీలో అధిక భాగం అదియే.

3. తయారీ తేదీ, గడువు, లాట్ నంబరు, లైసెన్సు సంఖ్య.

4. విడిగా పొట్లం కట్టి ఇచ్చు పొడిని కొనకుడు. మసాలా పొడులను ప్యాకింగు లేకుండ అమ్మరాదని నిబంధన ఉన్నది. పొట్లంతో పాటు లేబులు రాదు కదా!

ఇంటి వద్ద పరీక్ష

కొద్దిగా ఇంగువను నీటిలో వేసి కుదిపి, కదలక ఉంచుడు. సుద్దరాయి, మట్టి కలిసియున్నచో అడుగున పేరుకొనును. మిశ్రమ ఇంగువలో పిండి వలన నీరు కొంత మసకబారును; అది దోషం కాదు. ముడి ఇంగువ ముక్కను స్టీలు చెంచాపై వెలిగించినచో కర్పూరం వలె మండును. మిశ్రమం అట్లు మండకున్నంతనే కల్తీ అనుకొనరాదు.

సందేహం తీరనిచో, చట్టంలోని 40వ సెక్షను ప్రకారం కొనుగోలుదారు రుసుము చెల్లించి వస్తువును ఆహార విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. ఆ ఉద్దేశాన్ని కొనునప్పుడే అంగడివానికి తెలుపవలెను. దోషం రుజువైనచో రుసుము తిరిగి వచ్చును.

వైద్యంలో వాడు విధం

శొంఠి, మిరియాలు, పిప్పలి, వాము, సైంధవ లవణం, జీలకర్ర, నల్లజీలకర్ర, ఇంగువ – ఈ ఎనిమిది కలిసినదే హింగ్వాష్టక చూర్ణం. భోజనంలో మొదటి ముద్దతో నేతిని కలిపి దీనిని తినుట సంప్రదాయం. ఇంట తయారుచేయువారు ముడి ఇంగువనే తెచ్చి, నేతిలో వేయించి వాడవలెను. గ్రంథాలలోని కొలత ముడి ఇంగువను ఉద్దేశించినది. పిండి కలిసిన దానితో చేసినచో చూర్ణంలో ఇంగువ కన్న పిండియే అధికమగును. నిత్యం వాడుకకు పల్చని మజ్జిగలో చిటికెడు మిశ్రమ ఇంగువ, ఉప్పు, జీలకర్ర పొడి చాలును.

పసిపిల్లలకు ఇంగువ లోపలికి ఇవ్వరాదు. గోరువెచ్చని నీటిలో రంగరించి బొడ్డు చుట్టూ రాయుట వరకే పరిమితం చేయుడు. గర్భిణులు మందు మోతాదులో తీసుకొనరాదు.

మందు కొనునప్పుడు సీసాపై చీటీ చదువుట మనకు అలవాటే. మనకు ఆహారమే మొదటి మందు కాన, ఇంగువ డబ్బీ వెనుకనున్న నాలుగు వాక్యాలను కూడా చదివి, ఇంటిలో ఎవరికి ఏది పడదో తలచుకొని మరీ ఇంటికి తెచ్చుకొనుట గృహిణుల ప్రథమ కర్తవ్యం.