సింహళ వేషముఖములు: అంబలంగొడ కుటుంబ సంప్రదాయము

నాట్యమునకు ఆహార్యము నాలుగు అభినయములలో నొకటియని లాక్షణికులు చెప్పిరి. కాని కొన్ని దేశములందలి జానపద నాట్యములలో ఆహార్యమే ప్రధానమై, నటుని సహజముఖమును పూర్తిగ మరుగుపరచి, దాని స్థానమున మఱియొక ముఖమును నిలుపుట కానవచ్చును. నాట్యశాస్త్రము ప్రతిశీర్షకములను గూర్చి చెప్పియున్నది. అయినను కనుబొమలతోను, కంటిపాపలతోను భావమును పలికించు సంప్రదాయములలో ముఖమును కప్పుటకు అవకాశము తక్కువ. సింహళద్వీపపు దక్షిణతీరమున ఇందుకు భిన్నమైన మార్గము నిలిచియున్నది. అచ్చట నటుడు కొయ్యతో చెక్కిన ముఖమును ధరించి ఆడును. దానిని సింహళభాషలో 'వెస్ ముహుణ' యందురు. వెస్ అనగా వేషము; ముహుణ అనగా ముఖము. కావున 'వేషముఖము' అను మాటనే ఈ వ్యాసమున వాడుచున్నాము.

ఈ కళకు ప్రసిద్ధినందిన స్థానము అంబలంగొడ. ఇది కొలంబో నగరమునకు దక్షిణముగ, సుమారు 85 కిలోమీటర్ల దూరమున, గాలె జిల్లాలో సముద్రపుటొడ్డున నున్న పట్టణము. మిరిస్స, బెంతర మున్నగు తీరగ్రామములందును ఇట్టి నాట్యము లుండెను. కాని అంబలంగొడలో కొన్ని కుటుంబములు తరతరములుగ ఈ విద్యను పట్టుకొని వచ్చుటచే ఆ ఊరిపేరే కళకు పర్యాయమైనది. వానిలో విజేసూరియ కుటుంబము ముఖ్యమైనది. ఆ కుటుంబమున అరియపాల గురున్నాన్సే ప్రసిద్ధుడైన శిల్పి. గురున్నాన్సే యనునది గురువును గౌరవముతో పేర్కొను మాట. కుటుంబమనునది ఇట్టి సంప్రదాయమున నిజముగ కాపాడునది ఏది? కొయ్యపనియా, పద్యమా, అడుగా? ఈ ప్రశ్నను ముందుంచుకొని విషయమును పరిశీలింతము.

వేషముఖముల తెగలు

అంబలంగొడ వేషముఖములు స్థూలముగ మూడు తెగలు. వినోదప్రధానమైన కోలం నాట్యమున వాడునవి మొదటివి. రోగశాంతికై జరుపు సన్ని యకుమ యను తంతులో వాడునవి రెండవవి. రాక్షసరూపములైన 'రాక్ష' ముఖములు మూడవవి. నాగరాక్ష, గురులురాక్ష, మయూరరాక్ష యను పేర్లు మనకును సుబోధములు. గురులు అనగా గరుడుడు. ఈ రాక్షసముఖములు కోలం ప్రదర్శనమున ఒక భాగముగ కనబడును; దృష్టిదోషము తగులకుండ ఇండ్లలో వ్రేలాడదీయుటయు కలదు.

చెక్కుటకు ముఖ్యముగ 'కదురు' అను తేలికకొయ్యను వాడుదురు. ఈ చెట్టు వరిపొలముల ప్రక్కనుండు తేమనేలలలో పెరుగును. ఆరుటకై కొయ్యను పొగకు పెట్టి, తడి పోయిన తరువాత ఉలితో ముఖరేఖలు తీర్తురు. పిమ్మట లోపలిభాగమును డొలిచి, గరుకాకులతో రుద్ది నునుపు చేసి, రంగులు వేయుదురు. పూర్వము సింహళ చిత్రకారులు వాడిన వర్ణద్రవ్యములు సాదిలింగము, హిరియల్ మొదలగునవి. మొదటిది మన ఇంగిలీకము, రెండవది హరిదళము. నేడు అంగడిలో దొరకు రంగులే హెచ్చుగ వాడుకలో నున్నవి.

లోపల డొలుచుట కేవలము బరువు తగ్గించుటకు మాత్రమే కాదు. రాత్రి యంతయు గంతులు వేయువాని ముక్కునకు, గడ్డమునకు ఎచ్చట ఒరయునో, కంటిరంధ్రమునుండి కాలిక్రింది నేల యెంత కనబడునో చెక్కువానికి తెలిసియుండవలెను. ఆట తెలిసిన యింట చెక్కిన ముఖమునకును, గోడకై చెక్కిన ముఖమునకును గల భేదము ముందువైపున కాక వెనుకవైపున తెలియును.

కోలం: ఒక రాణి కోరిక

కోలం అనునది వేషము, రూపము అను నర్థములు గల ద్రావిడపదము. ఈ నాట్యముయొక్క ఉత్పత్తిని గూర్చి సింహళులు చెప్పు కథ మనోహరమైనది. ఆదిరాజైన మహాసమ్మతుని దేవి గర్భవతియై యుండగా వేషముఖములు ధరించి యాడు నాట్యమును చూడవలెనని ఆమెకు కోరిక పుట్టెను. గర్భిణీస్త్రీల ఇట్టి కోరికను సింహళమున 'దొలదుక' యందురు. ఇది పాళీభాషలోని దోహలమునకు, మన కావ్యములలోని దోహదమునకు బంధువు. అట్టి నాట్యమును ఎవరును ఎరుగరు. రాజు ఏమియు చేయలేకపోయెను. రాణి కృశించుచుండెను. అప్పుడు శక్రుడు విశ్వకర్మను నియోగింపగా, అతడు చందనపుకొయ్యతో ముఖములు చెక్కి, వానితోపాటు పాడదగిన పద్యముల గ్రంథమును గూడ రాజోద్యానమున ఉంచిపోయెను. మరునాడు ఉద్యానపాలకుడు వానిని చూచి రాజునకు విన్నవించెను. ఆట జరిగెను, రాణి కోరిక తీరెను.

ఈ కథలో గమనింపదగిన అంశము లేకపోలేదు. దేవశిల్పి ముఖములను మాత్రమే ఉంచిపోలేదు. పద్యములను గూడ ఉంచెను. ముఖమును, మాటయు జంటగనే భూలోకమునకు వచ్చినవని కథాకారుని తాత్పర్యము.

ప్రదర్శనక్రమమును చూచిన ఈ కథ కేవలము పీఠిక కాదని తెలియును. ఊరి బయలులో రంగస్థలము నేర్పరచి, ఒకవైపు పచ్చియాకుల కొమ్మలతో తెర కట్టుదురు. దాని వెనుకనుండి పాత్రలు వెలువడును. తీరప్రాంతపు యక్‌బెరయను పొడవైన మద్దెల మ్రోగుచుండగా, బుద్ధునకు, దేవతలకు, గురువులకు వందనము చేసి, రాణి కోరిక కథను పాడుదురు. ఆపై ఒక్కొక్క పాత్రను వర్ణించు పద్యము పాడిన పిదప ఆ పాత్ర ప్రవేశించును. మన యక్షగానములలోని పాత్రప్రవేశ దరువు లెరిగిన వారికి ఈ పద్ధతి క్రొత్తగ తోపదు.

మొదట వచ్చునది అనబెర కోలమ. ఇతడు రాజు వచ్చుచున్నాడని చాటింపు వేయువాడు, ముసలివాడు, త్రాగినవాడు. వానిని వెదకుకొనుచు వచ్చు ముసలిభార్య నొంచి. తరువాత యుద్ధములో గాయపడి ముఖములు చెడిన సైనికులు, చాకలి జసయ, అతని భార్య లెంచిన, ఆమెపై కన్నువేసిన ముదలి, మున్నగువారు వత్తురు. ముదలి యనువాడు విదేశీయుల పాలనలో గ్రామములపై అధికారము చలాయించిన ఉద్యోగి. పగలు వానికి చేతులు జోడించిన జనులే రాత్రి వాని కొయ్యముఖమును చూచి నవ్విరి. ముఖము కప్పబడుటచే ఆడువానికి ధైర్యము. ఆడువాడు కనబడకపోవుటచే నవ్వువారికి ధైర్యము. వేషముఖముయొక్క సాంఘికప్రయోజనము ఇది.

వీరందరి పిమ్మట రాజును, రాణియు ప్రవేశింతురు. వారి ముఖములు, కిరీటములు మిక్కిలి ఎత్తైనవి, బరువైనవి. వానితో నర్తించుట సాధ్యము కాదు. వారు మెల్లగ నడచివచ్చి ఆసనములపై కూర్చుందురు. అటుపై జరుగు జంతునాట్యములు, రాక్షసనాట్యములు, సందకిందురు కథవంటి జాతకకథలు వారియెదుటనే జరుగును. అనగా కథలో ఎవరి కోరిక తీర్చుటకై ఈ నాట్యము పుట్టెనో, ఆమెయే రంగమున ప్రేక్షకురాలై కూర్చుండును. ఊరివారు ఆమెతో గలిసి చూచెదరు. ప్రతిసారియు నాట్యము తన పుట్టుకను తానే మరల అభినయించుకొనుచున్నది. ఇట్టి రచనను గ్రంథపాఠమును మాత్రము చదివి గ్రహించుట కష్టము.

సన్ని: తీరని కోరిక

రెండవతెగకు సంబంధించిన కథయు ఒక గర్భవతియైన రాణి కోరికతోనే ఆరంభమగుట మిక్కిలి విశేషము. పాఠభేదము లున్నను సారాంశమిది. శంఖపాలరాజు దూరదేశమున నుండగా అతని దేవికి మామిడిపండుపై కోరిక కలిగెను. ఆ పండు కారణముగ పుట్టిన చాడిని విని, తిరిగివచ్చిన రాజు ఆమె శీలమును శంకించి చంపించెను. మృతదేహమునుండి శిశువు పుట్టి, తల్లిశరీరమునే తిని పెరిగెను. అతడే కోలసన్ని యక్షుడు. తండ్రిపై పగబట్టి, విషపుముద్దలనుండి పదునెనిమిదిమంది సన్నియక్షులను సృష్టించి విశాలానగరమును పీడించెను. బుద్ధుడు వానిని లోబరచుకొని, మనుష్యులను చంపరాదని, బలులు గైకొని విడిచిపోవలెనని కట్టడి చేసెను.

సన్ని యను పదము సన్నిపాతమునుండి వచ్చినది. వాత, పిత్త, శ్లేష్మములు మూడును ఒక్కసారి ప్రకోపించుట సన్నిపాతము. సన్నిపాతజ్వరము మనకు సుపరిచితమైన మాట. సన్నియక్షులలో వాతసన్నియ, పిత్‌సన్నియ, సెంసన్నియ యనువారు కలరు. సెం అనగా శ్లేష్మము. కణసన్నియ గ్రుడ్డితనమునకు, బిహిరిసన్నియ చెవిటితనమునకు, గొలుసన్నియ మూగతనమునకు, కొరసన్నియ కుంటితనమునకు, అముక్కుసన్నియ వాంతులకు, భూతసన్నియ ఉన్మాదమునకు కారకులు. శిల్పి ఈ రోగలక్షణములనే ముఖమున చెక్కును. కొరసన్నియ ముఖము ఒకవైపునకు వంకరపోయి యుండును. అముక్కుసన్నియ ఆకుపచ్చనై నాలుక వెలికి జాపును. వీరందరును నాయకుని ముఖమునకు ఇరువైపుల చిన్నముఖములై నిలిచిన మహాకోల వేషముఖము అంబలంగొడ శిల్పమున శిఖరము.

తంతు సంధ్యాసమయమున ఆరంభమై తెల్లవారువరకు సాగును. రోగిని ఆతురయ యందురు, మన ఆతురుడే. ఎదుర యనువాడు తంతు నడుపువాడు. తీరప్రాంతమున మద్దెల వాయించుట వంశవృత్తిగాగల బెరవా కులమువారు ఈ విద్యలో ప్రసిద్ధులు. నడిరాత్రివరకు భయము పెరుగుచునే పోవును. తెల్లవారుజామున సన్నియక్షులు ఒక్కొక్కరుగ వెలువడుదురు. గర్జించుచు వచ్చిన యక్షుని మద్దెలవాడు ప్రశ్నింపసాగును. నీవెవడవు? ఎవరి యనుమతితో వచ్చితివి? ఇట్టి ప్రశ్నలకు యక్షుడు తడబడి అపహాస్యము పాలగును. బుద్ధుని ఆజ్ఞను జ్ఞప్తికి దెచ్చినంతనే వణకి, ఇచ్చినది పుచ్చుకొని, రోగిని విడిచెదనని చెప్పి వెడలిపోవును. చుట్టును కూర్చున్నవారు నవ్వుదురు. రోగియు నవ్వును.

వైద్యము ఈ నవ్వులో నున్నదని మా యభిప్రాయము. పేరులేని బాధకు ముందు ఒక పేరు, ఒక ముఖము కల్పింపబడినవి. ముఖము కలిగినదానితో మాటలాడవచ్చును, మాటలాడినదానిని నవ్వవచ్చును, నవ్వినదానికి భయపడ నక్కరలేదు. భయానకము హాస్యముగ పరిణమించు ఈ క్రమమున వేషముఖము ఒక్కటియే, రసములు రెండు. రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన, తీరిన కోరిక కోలం నాట్యమైనది. తీరక అవమానమైన కోరిక రోగమైనది. రెండింటికిని శాంతి వేషముఖము చుట్టును గుమిగూడిన సమూహపు నవ్వే.

తెలుగువారికి ఆసక్తికరమైన విషయ మొకటి ఇచ్చట చెప్పవలెను. సింహళ శాంతితంతులలో 'వడిగ పటున' యనున దొకటి కలదు. దోషనివారణకై వడిగదేశమునుండి వచ్చిన బ్రాహ్మణులు ఇందు పాత్రలు. వచ్చీరాని సింహళమున వారు మద్దెలవానితో చేయు సంభాషణ నవ్వు పుట్టించును. వడిగ యనుమాట తమిళులు తెలుగువారిని గూర్చి వాడిన వడుగ శబ్దమే. కాండీ సింహాసనమును 1739 నుండి 1815 వరకు ఏలిన నాయకరాజులు తెలుగుమూలము గలవా రగుట ప్రసిద్ధమే కాని, ఈ తంతు వారి కాలముననే పుట్టినదని చెప్పుటకు వీలులేదు. సింహళ జానపదుని యూహలో ఉత్తరపుదిక్కునుండి వచ్చు మంత్రవేత్త తెలుగుదేశపు పేరు ధరించి నిలిచెననుట మాత్రము గమనింపదగినది.

గ్రంథము, ప్రదర్శనశాల, కుటుంబము

ఈ నాట్యములను విద్వాంసులు గమనించి రెండు శతాబ్దములకు దగ్గరగుచున్నది. జాన్ క్యాలవే 1829లో లండనునుండి ప్రకటించిన గ్రంథమున కోలం పద్యములకును, యక్షులకు సంబంధించిన పద్యములకును ఇంగ్లీషు అనువాదము కలదు. ఎదిరివీర సరచ్చంద్ర సింహళ జానపదనాటకములపై 1950ల ఆరంభమున వెలువరించిన పరిశోధనము శాస్త్రీయ పరిశీలనకు దారి చూపినది. 1956లో ఆయన రచించి ప్రదర్శించిన 'మనమే' నాటకము జానపదరీతులు నవీనరంగమునకు ఎట్లు తోడ్పడునో నిరూపించినది. ఇంకొకవైపు ఐరోపా ప్రదర్శనశాలలు పాతముఖములను సేకరించి భద్రపరచినవి.

ఈ రెండు పనులును మేలైనవే. కాని గ్రంథమున పద్యము మిగిలినది, ముఖము లేదు. ప్రదర్శనశాలలో ముఖము మిగిలినది, మాట లేదు. మూడింటిని, అనగా చెక్కుటను, పాడుటను, ఆడుటను కలిపి పట్టుకొన్నది కుటుంబము. మా ప్రశ్నకు సమాధాన మిదియే. ఏ ఒక్క విద్యయో కాదు, విద్యల నడుమనున్న సంబంధమును కుటుంబము కాపాడినది.

నేడు ఆ సంబంధమే సడలుచున్నది. యాత్రికుల రాకపోకలు పెరిగినకొలది కొనువారి యభిరుచి ప్రబలమైనది. నాగరాక్ష, మయూరరాక్ష ముఖములు గృహాలంకారములుగ విరివిగ అమ్ముడగుచున్నవి. నొంచి ముడుతలముఖమును గోడకు తగిలించుకొనగోరువారు అరుదు. ఆ విధముగ అమ్మకమున్న ముఖము బ్రదికి, అమ్మకము లేని ముఖము తన పద్యముతోగూడ మరుగున పడు ప్రమాద మున్నది. రాత్రియంతయు సాగు కోలం అరుదై, సంక్షిప్తప్రదర్శనములు హెచ్చినవి. కాని అమ్మకము లేనిచో ఉలి పట్టువాడే ఉండకపోవును గనుక యాత్రికుని నిందించుటయు న్యాయము కాదు.

విజేసూరియ కుటుంబము ఈ చిక్కునకు ఒక మార్గము చూపినది. బెర్లిను మానవజాతిశాస్త్ర ప్రదర్శనశాల సహాయముతో 1987లో తమ పూర్వగృహమున వేషముఖ ప్రదర్శనశాలను నెలకొల్పిరి. చెక్కడపుపనిని, నాట్యశిక్షణమును విడువలేదు. అమ్మకమునకై చెక్కబడు ముఖములకు సమీపముననే పాతముఖములు ప్రమాణములై నిలిచియున్నవి. అచ్చటనే పిల్లలు అడుగులు నేర్చుచున్నారు. అంబలంగొడ ప్రాంతపు కుటుంబములు కాపాడిన మరియొక కళ, రూకడ యను సూత్రపుబొమ్మలాట, 2018లో యునెస్కో జాబితా కెక్కినది. కుటుంబవిద్యకు లోకము ఇచ్చిన గౌరవమునకు అది నిదర్శనము.

జానపదకళలను పరిశోధించు విద్యార్థులు దీనినుండి గ్రహింపవలసిన పద్ధతి యొకటి కలదు. పాటను మాత్రము వ్రాసికొని వచ్చిన సగము వచ్చును. వస్తువును మాత్రము తెచ్చిన అంతకన్న తక్కువ వచ్చును. ఏ పద్యమునకు ఏ ముఖము, ఏ ముఖమునకు ఏ అడుగు, ఏ అడుగునకు ఏ నవ్వు అనుదానిని ఒకేచోట, ఆడువారి యింటనే కూర్చుండి నమోదు చేయవలెను. విశ్వకర్మ ఉద్యానమున గ్రంథమును, ముఖములను కలిపియే ఉంచిపోయెను. వానిని వేరుచేసి చదువుట మన తొందరపాటు.