మీకు తెలుసా? ఇంటి నంబరు దూరం కూడా చెబుతుంది!

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో గంగ్నమ్ దేరో అని పెద్ద రోడ్డు ఉంది. అది మొదలయ్యే చోట నీలం బోర్డు మీద రోడ్డు పేరుతో పాటు ‘1→699’ అని రాసి ఉంటుంది. ఆ 699ని పదితో గుణిస్తే రోడ్డు పొడవు మీటర్లలో వచ్చేస్తుంది. అంటే దాదాపు ఏడు కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద 250 నంబరు ఇంటికి వెళ్లాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. మొదటి నుంచి రెండున్నర కిలోమీటర్లు నడిస్తే, సరి సంఖ్య కాబట్టి కుడిచేతి వైపు కనిపిస్తుంది. బేసి సంఖ్య అయితే ఎడమ వైపు.

కొరియా అంతటా ఇదే లెక్క. రోడ్డును 20 మీటర్లకో ముక్కగా కొలుస్తారు. ముక్కకు ఎడమన ఒక బేసి సంఖ్య, కుడిన ఒక సరి సంఖ్య. నంబర్లు పడమటి నుంచి తూర్పుకు, దక్షిణం నుంచి ఉత్తరానికి పెరుగుతూ పోతాయి. ఒకే ముక్కలో రెండో గుమ్మం వస్తే 24 పక్కన 24-1 పుడుతుంది తప్ప, తర్వాతి ఇళ్ల నంబర్లు కదలవు. మధ్యలో ఖాళీ స్థలం ఉన్నా దిగుల్లేదు, దాని నంబరు దానికోసం కాచుకుని ఉంటుంది. రోడ్డు పేరు చివరి మాటను బట్టి దాని వెడల్పు కూడా తెలుస్తుంది. ఎనిమిది లేన్లు, అంతకు మించితే ‘దేరో’. రెండు నుంచి ఏడు లేన్లయితే ‘రో’. అంతకన్నా చిన్న వీధులు, సందులు ‘గిల్’. పెద్ద రోడ్డు నుంచి చీలే సందుకు ‘23బన్-గిల్’ అని పేరుంటే, రోడ్డు మొదటి నుంచి సుమారు 230 మీటర్ల దగ్గర ఆ మలుపు ఉందన్నమాట. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు దారి చెప్పే బాధ్యతను నంబరే మోస్తోంది. ఇంత మంచి ఆలోచన ఈ విషయంలో ఇంకోటి నాకు కనబడలేదు.

అయితే ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. అంతకుముందు కొరియాలో చిరునామా అంటే భూమి నంబరే. జపాన్ పాలన కింద 1910 నుంచి 1918 వరకు జరిగిన భూసర్వేలో ఆ నంబర్లు పడ్డాయి. శిస్తు వసూలుకు అవి చాలు. కానీ భూమి చీలి, అమ్ముడై, మళ్లీ చీలిన కొద్దీ వరుస తప్పింది. పక్కపక్క ఇళ్ల నంబర్లకు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోయింది. 1997లో సియోల్‌లోని గంగ్నమ్ ప్రాంతంలో కొత్త పద్ధతిని ప్రయోగంగా మొదలుపెట్టారు. చట్టం 2006లో వచ్చింది. 2011 నుంచి పాత చిరునామా, కొత్త చిరునామా రెండూ చెల్లాయి. 2014 జనవరి 1 నుంచి అధికారిక పనులన్నిటికీ రోడ్డు పేరుతో ఉన్న చిరునామాయే. మరుసటి ఏడాది ఆగస్టులో పోస్టల్ కోడ్‌ను కూడా ఐదు అంకెలకు కుదించి కొత్త పద్ధతికి జోడించారు. ప్రయోగం నుంచి పూర్తి అమలు దాకా పదిహేడేళ్లు పట్టింది. పాత పేట పేరు వదులుకోలేనివాళ్ల కోసం చిరునామా చివర బ్రాకెట్లలో దాన్ని రాసుకోనిచ్చారు. ఆ వెసులుబాటు ఇవ్వడం నాకు చాలా నచ్చింది. పేట పేరంటే జనానికి మమకారం, దాన్ని తుడిచేస్తే ఏ పథకాన్నీ మనసారా ఒప్పుకోరు.

నిర్వహణలోనూ పట్టింపు ఉంది. ఇల్లు కట్టినవాళ్లు దాన్ని వాడుకునే అనుమతికి ముందే నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి. రోడ్డు పేరు మార్చాలంటే ఆ చిరునామా వాడుతున్నవాళ్లలో సగానికి పైగా ఒప్పుకోవాలి. ఒకసారి పెట్టిన పేరును మూడేళ్ల దాకా కదిలించకూడదు. ఇళ్లే లేని కొండల్లో తప్పిపోయినవాళ్లకు కూడా ఒక చిరునామా ఉంది. దేశాన్ని పది మీటర్ల గళ్లుగా విడగొట్టి నంబర్లిచ్చారు, కొండదారుల్లో ఆ నంబర్ల బోర్డులు నాటారు. ప్రమాదంలో ఉన్న మనిషి ఆ బోర్డు చదివి వినిపిస్తే రక్షణ బృందానికి చోటు తెలిసిపోతుంది.

ఇతర దేశాల్లో చూస్తే, ఇళ్ల మీద నంబర్లు చాలాచోట్ల మొదట పడింది ఇంట్లోవాళ్ల సౌకర్యం కోసం కాదు. 1770లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరెసా తన రాజ్యంలోని ఇళ్లకు నంబర్లు వేయించింది సైన్యానికి పనికొచ్చే మగవాళ్లను లెక్క తేల్చడానికి. పారిస్‌లో 1805 నాటి ఉత్తర్వు మాత్రం దారి వెతికేవాళ్లను దృష్టిలో పెట్టుకుంది. సెయిన్ నదికి అడ్డంగా పోయే వీధుల్లో నంబర్లు నది దగ్గర మొదలవుతాయి. నది వెంబడి సాగే వీధుల్లో ప్రవాహం దిక్కుగా పెరుగుతాయి. మొదట్లో అడ్డ వీధులకు నల్ల అంకెలు, నది వెంబడి వీధులకు ఎర్ర అంకెలు వేశారు.

ఐర్లాండ్ కొరియాకు పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. అక్కడ మూడో వంతుకు పైగా చిరునామాలు ఒకటికన్నా ఎక్కువ ఇళ్లకు ఉమ్మడిగా ఉండేవి. పోస్ట్‌మ్యాన్‌కు మనుషులు తెలుసు కాబట్టి ఉత్తరాలు చేరేవి. 2015 జులైలో ‘ఐర్‌కోడ్’ వచ్చింది. ఏడు అక్షరాలు, అంకెలు కలిసిన ఈ కోడ్‌లో మొదటి మూడు ప్రాంతానివి, మిగతా నాలుగు ఆ ఒక్క ఇంటివే. పక్కింటి కోడ్‌కూ మీ కోడ్‌కూ వరుస ఉండదు, కావాలనే అలా పెట్టారు. మధ్యలో కొత్త ఇల్లు లేచినా ఎవరి కోడ్‌నూ మార్చక్కర్లేదు. కాకపోతే ఫోనో కంప్యూటరో లేకుండా దాన్ని చూసి దారి పట్టలేం. కొరియా నంబరును వీధిలో నిలబడి చదువుకోవచ్చు. ఈ రెండిట్లో నా ఓటు కొరియాకే.

ఇక మన సంగతి. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. దాన్ని రూపొందించినవారు తపాలా శాఖ ఉన్నతాధికారి, సంస్కృత కవి కూడా అయిన శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఒకే పేరున్న ఊళ్లు, ఒకే ఊరి పేరు రకరకాల లిపుల్లో రావడం అప్పటి ఇబ్బంది. రామాపురాలు, కొత్తపల్లెలు మనకెన్ని లేవు! తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక మూడింటి పిన్‌కోడ్‌లూ 5తోనే మొదలవుతాయి. కానీ పిన్‌కోడ్ మనల్ని పోస్టాఫీసు దాకానే తీసుకెళ్తుంది. అక్కడి నుంచి ఇంటి దాకా డోర్ నంబరుదే భారం.

హైదరాబాద్ డోర్ నంబర్లలో మొదటి అంకె వార్డుది, రెండోది బ్లాకుది, మూడోది ఇంటిది. ఇళ్లు పెరిగిన కొద్దీ ‘బై’ కొట్టి ఇంకో అంకె చేరుస్తూ పోయారు. జూబ్లీహిల్స్‌లో ఎన్నెన్నో చిరునామాలు 8-2-293/82తోనే మొదలై, ఆ తర్వాత అక్షరాలు, అంకెలు తగిలించుకుంటూ పోతాయి. అందుకే ప్రతి పెళ్లిపత్రిక మీదా ‘ఫలానా గుడి వెనక, ఫలానా బ్యాంకు ఎదురుగా’ అని కొండగుర్తు తప్పనిసరి అయింది.

2025 మేలో తపాలా శాఖ ‘డిజిపిన్’ విడుదల చేసింది. దీని తయారీలో ఐఐటీ హైదరాబాద్‌తో పాటు ఇస్రోకు చెందిన, హైదరాబాద్‌లోనే ఉన్న నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ పాలుపంచుకుంది. దేశాన్ని కప్పే పెద్ద చదరాన్ని 16 గళ్లు చేశారు. ఒక్కో గడిని మళ్లీ 16 చేశారు. ఇలా పదిసార్లు చేస్తే సుమారు నాలుగు మీటర్ల గడి మిగులుతుంది. ఒక్కో మెట్టుకు ఒక అక్షరమో అంకో చొప్పున పది గుర్తుల కోడ్ వస్తుంది. మొత్తం గళ్లు లక్ష కోట్లకు పైనే. పొలం గట్టు మీద పంపుసెట్‌కు కూడా కోడ్ ఉంటుంది, ఇందులో ఎవరి పేరూ ఉండదు. లోటు ఒకటుంది. అపార్ట్‌మెంట్‌లో ఒకదాని మీద ఒకటి ఉన్న అయిదు ఫ్లాట్లకూ అదే గడి. అంతస్తు, తలుపు ఏదో చెప్పాలంటే మళ్లీ డోర్ నంబరు కావాల్సిందే. కాబట్టి డిజిపిన్ వచ్చింది కదా అని పురపాలక సంఘాలు, పంచాయతీలు ఇళ్ల నంబర్లను, వీధి బోర్డులను గాలికి వదిలేయకూడదు.

ఆ నంబరు అవసరం అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది 108 అంబులెన్స్‌ను పిలిచినప్పుడు. రాత్రి రెండింటికి మీ వీధిలోకి వచ్చే ఆ డ్రైవరుకు మీ ఇల్లు తెలియదు, అడుగుదామంటే అరుగుల మీద మనుషులుండరు. మీ గేటు మీద నంబరు చీకట్లో కూడా కనబడేంత పెద్దగా రాయించండి. కొత్త నంబరు వచ్చి ఉంటే పాతదాన్ని చెరిపేయండి. వీధి చివర బోర్డు లేకపోతే వార్డు ఆఫీసులోనో పంచాయతీలోనో ఈ వారమే అర్జీ పెట్టండి.