మూలన కూర్చున్న వాళ్ల మాటా వినాలి!

ప్రభుత్వ ఆఫీసులో సమాచార భద్రత విధానంపై మీటింగ్. పెద్దాఫీసరు ‘కొత్త ఫైర్‌వాల్ కొంటే చాలు’ అన్నారనుకోండి. అంతా తలూపుతారు. కానీ సెక్షన్ మొత్తం ఒకే పాస్‌వర్డ్ వాడుతోందని మూలన కూర్చున్న కంప్యూటర్ ఆపరేటర్‌కి తెలుసు. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని ఊరుకుంటాడు. విధానం కాగితంపై బాగానే ఉంటుంది, దొంగకి దారి మాత్రం అలాగే ఉంటుంది.

ఈ చిక్కు తీర్చడానికి వచ్చినవే గ్రూప్ డెసిషన్ సపోర్ట్ సిస్టమ్స్. 1980ల్లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో జే నునామేకర్ బృందం వీటిపై విస్తృతంగా పనిచేసింది.

ఎలా పనిచేస్తాయి?

* అందరూ ఒకేసారి తమ కంప్యూటర్లలో ప్రమాదాలను టైప్ చేస్తారు. పేర్లు కనిపించవు.
* నిర్వాహకుడు ఒకేలాంటి వాటిని ఒకచోట చేరుస్తాడు.
* ప్రతి ప్రమాదానికీ అవకాశం ఎంత, నష్టం ఎంత అని మార్కులు వేస్తారు.
* మార్కులు బాగా తేడాగా ఉన్న చోటే చర్చ. ఎందుకంటే అక్కడ ఎవరికో తెలిసింది మిగతావాళ్లకు తెలియదన్నమాట.

ప్రాధాన్యాలు తేల్చడానికి థామస్ సాటీ 1970ల్లో రూపొందించిన ఏహెచ్‌పీ పద్ధతి ఉంది. రెండేసి అంశాలను 1 నుంచి 9 స్కేలుపై పోల్చడమే ఇందులో కిటుకు.

ఎందుకింత అవసరం?

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగితే సేవలను రోజుల తరబడి చేత్తో రాస్తూ నడపాల్సి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటనలను 6 గంటల్లోగా తెలపాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. మరి అర్ధరాత్రి దాడి జరిగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి? ఇది ఒక్కరు తేల్చే విషయం కాదు.

మీరేం చేయాలి?

కోడింగ్ ఒక్కటే వస్తే సరిపోదు. ఐఎస్‌ఓ 27001 ప్రమాణం, రిస్క్ అసెస్‌మెంట్ నేర్చుకోండి. నలుగురితో మాట్లాడించే నేర్పు అలవరచుకోండి. ఈ వారమే మీ హాస్టల్ వైఫైపై పేర్లు అడగని ఆన్‌లైన్ ఫారంతో ప్రయత్నించి చూడండి. ఎవరూ చెప్పని సంగతులు బయటికొస్తాయి!

ఒక్కటి గుర్తుంచుకోండి. సాఫ్ట్‌వేర్ నిర్ణయం తీసుకోదు. సంతకం, బాధ్యత మనుషులవే. సంతకం పెట్టేవారి ముందు అందరి మాటా ఉండేలా చూడటమే మీ ఉద్యోగం.